తెలుపు, ఎఱుక: వెల్షు భాషలో “గ్విన్” శబ్దము

కొంతకాలము క్రిందట ఒక పరిశోధక విద్యార్థి నాయొద్దకు ఒక చీటీ తెచ్చెను. అందు ఒకవైపు “విందొ – తెలుపు, ప్రాచీన కెల్టిక్కు” అనియు, ఎదుట “వెండి – తెలుగు” అనియు వ్రాసియుండెను. ఈ రెండును ఒక్క మాట కావా యని అతని ప్రశ్న. ధ్వని యొక్కటే, అర్థము దాదాపు ఒక్కటే. ఇక సందేహమెందుకని అతని ధీమా. తన సిద్ధాంత గ్రంథమున ఒక ప్రకరణమునే ఆ చీటీపై నిలుపదలచియుండెను. అతనికి అప్పుడు చెప్పిన సమాధానమును విస్తరించి ఇచట వ్రాయుచున్నాను. విందొ శబ్దమునకు నేటి వంశజుడు వెల్షు భాషలోని “గ్విన్” అను విశేషణము. దాని చరిత్ర తెలిసినగాని వెండి సంగతి తేలదు.

వెల్షు బ్రిటను ద్వీపమున పడమటి భాగమైన వేల్సు దేశపు భాష. 2021 జనాభా లెక్కలలో ఆ దేశమున సుమారు 5,38,000 మంది ఈ భాష తమకు వచ్చునని చెప్పిరి. ఇంగ్లీషునకు ఇరుగుపొరుగైనను ఇది ఇంగ్లీషు శాఖకు చెందదు. బ్రెటను, కార్నిషు భాషలు దీనికి తోబుట్టువులు. ఐరిషు, స్కాట్లండు గేలిక్కు భాషలు దాయాదులు. వీనినన్నిటిని కలిపి కెల్టిక్కు శాఖ యందురు. ఈ శాఖకు సంస్కృతముతో చుట్టరికము ఉండవచ్చునని 1786లో కలకత్తాలో సూచించిన సర్ విలియం జోన్సు తండ్రి వేల్సులోని ఆంగ్లసీ ద్వీపవాసియే. ఆ సూచనను శాస్త్రీయముగ నిరూపించిన వారిలో ముఖ్యుడు ఫ్రాంజ్ బొప్. కెల్టిక్కు భాషలపై అతని వ్యాసము 1839లో అచ్చయినది.

ఇక ప్రకృతము. వెల్షు పలుకులను తెలుగు లిపిలో ఉన్నదున్నట్లు వ్రాయుట సాధ్యము కాదు. సమీపోచ్చారణముతో తృప్తి పడవలెను. నక్షత్రపు గుర్తు గల రూపములు వ్రాతలో దొరకినవి కావు, ఊహించి కట్టినవి.

“గ్విన్” అనగా తెల్లని. వెల్షులో విశేషణము సాధారణముగ విశేష్యమునకు వెనుక వచ్చును. “కీ” అనగా కుక్క, పుంలింగము. తెల్లకుక్క “కీ గ్విన్”. “కాథ్” అనగా పిల్లి, స్త్రీలింగము. “ఆ తెల్లపిల్లి” అనవలెనన్నచో “అ గాథ్ వెన్” అందురు. ఇచట మూడు మార్పులు జరిగినవి. “కాథ్” మొదటి కకారము గకారమైనది. “గ్విన్” మొదటి గకారము పోయినది. లోని ఇకారము ఎకారమైనది. బహువచనమున లింగభేదము లేదు. “గ్విన్యోన్” అనునది రెంటికిని చెల్లును. ఈ బహువచన రూపము నేడు ఎక్కువగా గ్రంథభాషలోను, కొన్ని స్థిరపడిన పదబంధములలోను కనబడును.

మొదటి మార్పు మన విద్యార్థులకు క్రొత్త కానక్కఱలేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున చెప్పిన సరళాదేశ, గసడదవాదేశ సంధులు ఎఱిగినవారికి పదాది పరుషము పూర్వపదమును బట్టి మారుట వింత కాదు. వెల్షులోను క-గ, త-ద, ప-బ మార్పులు, వానితోపాటు బ-వ మార్పు, పదాదియందే జరుగును. దీనిని అచటి వ్యాకర్తలు మృదూకరణ మందురు. కాని భేదము నొకదానిని గమనింపవలెను. మన సరళాదేశమునకు నిమిత్తమగు ద్రుతము చెవికి వినబడునదే. వెల్షులో నిమిత్తము పూర్తిగా నశించినది. పూర్వము స్త్రీలింగ శబ్దములు చాలవఱకు దీర్ఘ ఆకారాంతములు. ఆ అచ్చునకును తరువాతి పదపు అచ్చునకును నడుమ చిక్కిన హల్లు మెత్తబడెను. సుమారు 6వ శతాబ్ది నాటికి ఆ తుది అచ్చులు రాలిపోయెను; మెత్తబడిన హల్లు మాత్రము మిగిలెను. అందుచేత నేటి వెల్షువానికి అది సంధికార్యము కాదు, వ్యాకరణ నియమము: ఏకవచన స్త్రీలింగమునకు వెనుక విశేషణపు తొలి హల్లు మారును, అంతియే. నశించిన అంత్యవర్ణములలో ఈ మార్పులకు కారణము వెదకవలెనని చూపుటయే బొప్ సాధించిన గొప్ప పని.

రెండవ మార్పును గూర్చి బడిపుస్తకములు “గకారము లోపించును” అని చెప్పును. నేర్చుకొనువారికి అది చాలును. చరిత్ర మాత్రము తలక్రిందులుగ నున్నది. ఈ శబ్దపు ప్రాచీన కెల్టిక్కు రూపము *విందొస్, స్త్రీలింగమున *విందా. మొదట గకారము లేనే లేదు. వెల్షులో పదాది వకారము బలముగ పలుకబడిన చోట దానికి ముందు గకారము పుట్టినది. మృదూకరణము పొందిన చోట వకారము వకారముగనే నిలిచినది. కనుక “వెన్” లో గకారము పోలేదు. “గ్విన్” లో వచ్చి చేరినది. లోపమని మనము పిలుచునదే ఇచట పాతరూపము. నిజముగ గకారాదులైన వేఱు శబ్దములు కూడ అదే సందర్భమున గకారమును పోగొట్టుకొనును గనుక రెండు దారులును ఒక్కచోట కలిసి, వ్యాకర్తకు ఒకే సూత్రమైనవి. సూత్రలాఘవము చరిత్రను కప్పివేయుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తోచదు.

మూడవదియగు ఇకార-ఎకార భేదమే తెలుగు విద్యార్థి నిలిచి చూడవలసినది. *విందా లో తుది ఆకారము తనకు ముందున్న ఇకారమును క్రిందికి లాగి ఎకారము చేసినది. పిమ్మట తాను రాలినది. *విందా > *వెందా > గ్వెన్. పుంలింగమున ఆకారము లేదు గనుక ఇకారము నిలిచినది. ఇట్లే “మెలిన్” (పసుపుపచ్చని) స్త్రీలింగమున “మెలెన్”, “బిర్” (పొట్టి) “బెర్” అగును. ఉకారమునకు ఒకారము వచ్చుటయు కలదు: “క్రున్” (గుండ్రని) – “క్రోన్”, “త్రుమ్” (బరువైన) – “త్రోమ్”. తరువాతి అకారము ముందరి ఇ, ఉ లను ఎ, ఒ లుగ మార్చుట దక్షిణ ద్రావిడమునకు సంబంధించిన ప్రసిద్ధ విషయము. తమిళమున “ఇడం”, తెలుగున “ఎడ”. తమిళమున “ఉడల్”, తెలుగున “ఒడలు”. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1958లో అమెరికాలోని “లాంగ్వేజి” పత్రికలో ఈ వికల్పమును గూర్చి వ్రాసి, అకారమునకు ముందు ఇ-ఎ లును, ఉ-ఒ లును ఎ, ఒ లుగ ఏకమైనవనియు, తమిళమున అవి పిదప ఇ, ఉ లైనవనియు చూపెను. వెల్షునకును ద్రావిడమునకును దీనివలన చుట్టరికము రాదు. మానవుని నోటిలో అకారము పలుకునపుడు నాలుక క్రిందికి దిగును. దానికై ముందుగనే సిద్ధపడు నాలుక ఇకారమును ఎకారము చేయును. ఈ కార్యము ఎచటనైనను జరుగవచ్చును. తెలుగున అది ధాతు స్వరూపమును మార్చి ఊరకుండెను. వెల్షులో అది లింగబోధకమయ్యెను.

తోబుట్టు భాషలలో ఈ లింగభేదము నిలువలేదు. బ్రెటనులో రెండు లింగములకును “గ్వెన్”, కార్నిషులో “గ్విన్”. బ్రెటను ఎకారము స్త్రీత్వ సూచకము కాదు. ఆ భాషలో ఇట్టి ఇకారము సామాన్యముగనే ఎకారమైనది. ఐరిషులో పదాది వకారము ఫకారమగును గనుక ప్రాచీన ఐరిషున “ఫింద్”, నేడు “ఫ్యున్”. ఐరిషు గాథలలోని వీరుడు ఫిన్ మెకూల్ పేరును, వెల్షు గాథలలో పరలోకపు ఱేడగు గ్విన్ ఆప్ నీద్ పేరును ఒక్క మాటయే.

ఇక నకార సంగతి. విందొ లోని “న్ద” వెల్షులో ద్విత్వ నకారమైనది. పదాంతమున ఒక్క నకారమే వ్రాయుదురు గాని ప్రత్యయము చేరినంతనే రెండవది బయటపడును. వెల్షు విశేషణమునకు నాలుగు అవస్థలు. తెల్లని – “గ్విన్”. అంత తెల్లని – “గ్విన్నెద్”. ఎక్కువ తెల్లని – “గ్విన్నఖ్”. అన్నిటికంటె తెల్లని – “గ్విన్నవ్”. రెండవదానికి ముందు “కిన్” అను అవ్యయము చేరును. అపుడు గకారము లేక “కిన్ విన్నెద్” అగును. సమానత్వమునకు ప్రత్యేక ప్రత్యయ మున్న భాషలు అరుదు. మనము “అంత”, “కంటె”, “అందఱిలో” అను మాటలతో నడుపు పనిని వెల్షు ప్రత్యయములతో నడుపుచున్నది.

రోమనుల కాలపు ఊరిపేళ్లలో ఈ శబ్దము పాతరూపముతో నిలిచియున్నది. హేడ్రియను గోడకు సమీపమున “విందొలండా” అను కోట కలదు. 1973 నుండి అచట దొరకిన పలుచని కొయ్యపలకల వ్రాతలు చరిత్రకారులకు పెన్నిధి. ఆ పేరులోని ఉత్తరపదము “లండా” వెల్షులో “ల్లన్” (ఆవరణము, పిదప గుడి) అయినది. అనగా పేరులోని రెండు పదములందును న్ద-కారము న్న-కారమైనదన్నమాట. స్విట్జర్లండున “విందొనిస్సా” నేటి విండిష్. నేటి వియన్నా నగరమున్న చోట “విందొబొనా” అను రోమను దుర్గ ముండెను. అంతమాత్రమున వియన్నా అను పేరు దానినుండియే పుట్టినదని తొందరపడరాదు. ఆ పేరునకు వేఱు వ్యుత్పత్తి చెప్పువారు కలరు.

ఈ తొందరపాటు వేల్సులోనే ఎన్ని చిక్కులు పెట్టునో చూడవలెను. ఉత్తర వేల్సున “గ్వినెద్” అను ప్రాచీన రాజ్యము, దక్షిణమున “గ్వెంట్” అను సీమ కలవు. రెండును తెల్లనేలలే యని విన్నవాడు అనుకొనుట సహజము. పెన్‌మాఖ్నో యను చోటి ప్రాచీన శిలాశాసనమున మొదటిదాని లాటిను రూపము “వెనెదొ-” అని యున్నది; ఇకారము లేదు, న్ద లేదు. రెండవది రోమనుల “వెంతా” పట్టణపు పేరు. “గ్వింట్” (గాలి) లాటిను “వెంతుస్” కు జ్ఞాతి. అన్నిటికంటె మోసకరమైనది “గ్వెన్‌విన్”. విడదీసి చూచిన తెలుపు మీద తెలుపు. స్త్రీలింగమొకటి, మృదూకరణము పొందిన పుంలింగమొకటి చక్కగ అతికినట్లుండును. దాని అర్థము విషము! అది లాటిను “వెనేనుం” శబ్దమునకు తద్భవము. దీర్ఘ ఏకారము వెల్షులో ద్విస్వరమగుట తెలియనివాడు ఈ పదమునకు ఎట్టి రమ్యమైన కథనైనను కల్పింపగలడు. “పెంగ్విన్” పక్షి పేరు “పెన్ గ్విన్” (తెల్లతల) నుండి వచ్చినదని 16వ శతాబ్ది నుండియు చెప్పుచున్నారు. ఆ పేరు మొదట ఉత్తర అట్లాంటికు సముద్రపు వేఱొక పక్షిది. దాని తల నల్లనిది, కన్నునకును ముక్కునకును నడుమ మాత్రము తెల్లమచ్చ. ఈ వ్యుత్పత్తి కాదనలేము, అవుననియు నిశ్చయింపలేము.

అర్థ విస్తారమున గ్విన్ మన “శుభ్ర” శబ్దమును తలపించును. తెలుపు, అందము, పవిత్రత, భాగ్యము అన్నియు దానిలో నిమిడినవి. క్రైస్తవుల గ్రంథమున కొండమీది ప్రసంగమున తెలుగువారు “ధన్యులు” అనుచోట వెల్షువారు “గ్విన్ ఎయ్ బీద్” అందురు. మాటకు మాట చూచిన “తెల్లనిది వారి లోకము”. ఆ రెండు పదముల సమాసమే “గ్విన్‌విద్”, అనగా పరమానందము. ఆడవారి పేళ్లలో “గ్వెన్” పూర్వపదముగను ఉత్తరపదముగను విరివిగ వచ్చును. ఆర్థరు రాణి గ్వెన్‌హ్వివర్ పేరు ఇంగ్లీషున గినివీర్ అయినది; దాని కార్నిషు రూపమే నేడు లోకమంతట వ్యాపించిన జెన్నిఫర్. “ఓల్” అనగా అడుగుజాడ. కిల్హుఖ్ కథలోని నాయిక “ఓల్వెన్” అడుగిడిన చోటనెల్ల నాలుగేసి తెల్లని పూలు మొలచునట. పేరును చూచి కథ పుట్టెనో, కథను చూచి పేరు పుట్టెనో గాని కథకునికి మాత్రము శబ్దార్థములు రెండును తెలిసియే యున్నవి. కార్మార్థెను సీమలోని “హెన్‌దీ గ్విన్” అను ఊరిపేరునకు “తెల్లని పాతయిల్లు” అని అర్థము. 10వ శతాబ్దిలో హవెల్ ద రాజు అచటనే వెల్షు ధర్మశాస్త్రమును కూర్పించెనని సంప్రదాయము.

వాడుకలో ఈ మాట ఎంత లోతునకు దిగినదో ఒక సామెత చూపును: “గ్విన్ అ గ్వేల్ అ వ్రాన్ ఇ ఖివ్.” కాకి తన పిల్లను తెల్లగ చూచును అని భావము. మనవారు కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు. వెల్షువాడు ముద్దు అనక తెలుపు అన్నాడు. ఆ భాషలో రెండును ఒక్కటే.

ఇంతకును *విందొస్ ఎచటిది? పండితులు చాలమంది దీనిని “విద్” ధాతువు నుండి సాధింతురు. చూచుట, ఎఱుగుట దాని మూలార్థములు. లాటిను “విదేఓ” (చూచుచున్నాను), గ్రీకు “ఒయ్‌ద” (ఎఱుగుదును), సంస్కృత “వేద” అన్నియు ఒక్క కుదురు. ధాతు మధ్యమున నకారము చేరుట మనకు పరిచితమే. పాణిని ముచాదులకు నుమాగమము విధించెను. ఆ గణముననే “విందతి” (పొందును) కలదు. జ్ఞానార్థకమగు విద్, లాభార్థకమగు విద్ వేఱు ధాతువులని మన వైయాకరణుల మతము. తులనాత్మక శాస్త్రమున రెండును ఒక్కటే: కంటబడుటయే దొరకుట. కంటబడునది, స్పష్టముగ కానవచ్చునది, వెలుగునది, తెల్లనిది – ఇది *విందొస్ అర్థము నడచిన దారి. వెల్షులోనే “గ్విబోద్” (ఎఱుగుట) అదే ధాతువునకు పుట్టినది.

అందుచే గ్విన్ శబ్దమునకు తెలుగువారి నోట నిజమైన జ్ఞాతులు లేకపోలేదు. అవి సంస్కృతము నుండి మనము తెచ్చుకొన్న తత్సమములు: వేదము, విద్య, విద్వాంసుడు. “గోవింద” శబ్దమును ఆవులను పొందువాడని పూర్వులు సాధించిరి. ఆ వ్యుత్పత్తి నిలిచినచో అందలి “వింద” రూపమున విందొ కు అత్యంత సన్నిహితము. “గోపేంద్ర” శబ్దపు ప్రాకృతరూప మను పక్షమును కలదు గనుక దానిపై భారము మోపను. ఇంగ్లీషు “వైట్” మాత్రము ఈ కుటుంబమున చేరదు. అది సంస్కృత “శ్వేత” శబ్దమునకు జ్ఞాతి. ఇరుగుపొరుగు భాషలలో ఒకే అర్థమున వకార ధ్వని గల రెండు మాటలకు ఏ సంబంధమును లేదు. వేల మైళ్ల దూరమున నున్న శ్వేత శబ్దమునకు సంబంధమున్నది.

ఇపుడు వెండి. దీనికి తమిళమున “వెళ్ళి”, కన్నడమున “బెళ్ళి”. ధాతువు “వెళ్”, తెలుపు. వెల్ల, వెన్నెల అందుండియే వచ్చినవి; వెన్న తమిళపు “వెణ్ణెయ్”, అనగా తెల్లని నెయ్యి. బరో, ఎమినో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున (1961) వీనిని చూడవచ్చును. వెండిలోని డకారము మూర్ధన్యము. ధాతువులోని మూర్ధన్య ళకారమునకు ఆనవాలు. విందొ లోని దకారము దంత్యము. అది విద్ ధాతువులోని దకారమే. విందొ లో నకారము నడుమ చేరిన ఆగమము. అది తీసివేసిన “విద్” మిగులును. వెండిలో అనునాసికమును తీసివేసి వెనుకకు పోయిన “వెళ్” మిగులును. విద్, వెళ్ – ఈ రెంటికిని మధ్య వకారము తప్ప పొత్తు లేదు. అనగా రెండు మాటలు వేఱు వేఱు తావులనుండి బయలుదేరి దారిలో ఒక్కక్షణము ఒకే వేషమున కనబడినవి. విందొ గ్విన్ అయ్యెను, మన వెండి వెండిగనే యున్నది. నేటి రూపములను మాత్రమే చూచినవానికి ఆ సామ్యమును తోచదు.

చీటీ తెచ్చిన విద్యార్థి ఇది విని చిన్నబోయెను. అపుడు అతనికి మఱియొక మాట చూపితిని. తెల్ల, తెలియు, తెలివి, తెల్లము, తెల్లవాఱు. వీని మూలము ద్రావిడ “తెళ్”, స్వచ్ఛమగుట, స్పష్టమగుట. తమిళమున “తెళి” అనగా తేటపడుట, ఎఱుగుట. తెలుగున “తెలుపు” అను ఒక్క రూపమే నామమైనపుడు ధవళిమను, క్రియయైనపుడు ఎఱిగించుటను చెప్పును. గ్విన్, గ్విబోద్ శబ్దములు ఒక్క ధాతువున పుట్టి ఒకటి తెలుపును, ఒకటి ఎఱుకను చెప్పుచున్నట్లే తెల్ల, తెలివి కూడ. దారి మాత్రము వేఱు. అచట చూపు నుండి ఎఱుకకును తెలుపునకును పోయిరి. ఇచట తేటదనము నుండి రెంటికిని పోయిరి. ధ్వనిలో ఒక్క వర్ణమైనను కలియదు. అయినను వెండి కంటె ఈ సామ్యమే పరిశోధనకు అక్కఱకు వచ్చును, ఇది కాకతాళీయము కాదు గనుక: చీకటిలో కానరానిది వెలుతురున తెలియుట ఎల్లవారికిని అనుభవమే.

అతడు చీటీలో “వెండి” కొట్టివేసి “తెలుపు” అని వ్రాసికొనెను. దాని క్రింద “భావసామ్యము మాత్రమే; ధాత్వైక్యము కాదు” అని కూడ వ్రాయించి పంపితిని.